నర్సమ్మ విన్న మొక్కులు

స్లాబు పోస్తున్నప్పుడు మధ్యలో ఆపకూడదు. ఆపితే పాత కాంక్రీటుకీ కొత్త కాంక్రీటుకీ మధ్య అతుకు పడుతుంది. తర్వాత ఎప్పుడో ఆ అతుకులోంచే నీళ్ళు దిగుతాయి. అందుకే మా అమ్మ ఫోన్ చేసి "నర్సమ్మ పోయిందిరా" అన్నప్పుడు, ఎచ్చెర్ల దగ్గర ఒక హాస్టలు కట్టడం మీద కాంక్రీటు కలిపే మిల్లరు పక్కన నిలబడి ఉన్న నేను, "సమాధి ఎన్నింటికి?" అని మాత్రం అడిగాను. రేపు పదకొండింటికి అంది. ఫోన్ జేబులో పెట్టుకుని సాయంత్రం దాకా స్లాబు పూర్తి చేయించాను.

చివరి అయిదేళ్ళు మా ఊళ్ళో ఆవిడని మతి తప్పిన మనిషి అన్నారు. ఆవిడకి మతి తప్పలేదు. ఆ సంగతి నాకు తెలిసీ అయిదేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పవచ్చు. ఎందుకు చెప్పవచ్చో చివర్లో తెలుస్తుంది.

ఆవిడ ప్రభుత్వ నర్సు. బొబ్బిలి వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి, భర్త పోయాక, రిటైరయ్యాక కూడా మా దగ్గరే ఉండిపోయింది. పిల్లలు లేరు. వాచీ ముంజేతికి లోపలివైపు పెట్టుకునేది. నాడి చూసేటప్పుడు చెయ్యి తిప్పక్కర్లేకుండా ఉంటుందని. గుడిలో ప్రార్థన జరుగుతున్నప్పుడు కూడా కళ్ళు మూసుకునే బొటనవేలితో ఆ వాచీ అద్దం రాస్తూ ఉండేది. మనుషుల్ని పేరుతో పిలిచేది కాదు, పుట్టినప్పటి బరువుతో పిలిచేది. నేను ఆవిడకి "రెండున్నర". సైకిలు మీద పాలిటెక్నిక్‌కి వెళ్తుంటే "ఏరా రెండున్నరా, పరీక్షలా?" అనేది. మా వీధి చివర లారీ నడిపే ఆరడుగుల మనిషి "ఒకటీ ముప్పావు". ఆవిడ అలా పిలిస్తే అతను లారీ ఆపి దిగేవాడు.

మా సంఘం చిన్నది. నలభై మూడు కుటుంబాలు. ఎక్కువమంది వరి చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు, మిగిలినవాళ్ళు ఇంటి దగ్గర జీడిపిక్కలు ఒలిచేవాళ్ళు. ఇటుక గోడలు, సిమెంటు రేకులు, ఒక గంట, ఒక పాస్టరుగారు. నెలలో మూడో ఆదివారం ప్రసంగం అయ్యాక, కానుక సంచి తిప్పే ముందు, అయిదు నిమిషాలు ఆవిడ మాట్లాడేది. దాన్ని మేము "కానుక మాట" అనేవాళ్ళం. మిగతా సంఘాల్లో ఈ పని పెద్దమనుషులు చేస్తారు. వాక్యం చూపిస్తారు, దశమభాగం అంటారు. ఆవిడ వాక్యం ఎత్తేది కాదు.

"నొప్పి లేనప్పుడు తొయ్యకండి, నీరసం తప్ప ఏటీ రాదు. నొప్పి వచ్చినప్పుడు మాత్రం బిగపట్టుకుని కూకోకండి. అది ఇంకా పెమాదం. ఇచ్చీసి ఊపిరి తీసుకోండి," అనేది.

ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. మగవాళ్ళు నేల చూసేవాళ్ళు. ఒకసారి బయటి నుంచి వచ్చిన దైవజనుడు ఒకాయన ఆ మాట విని గుటక వేసి, బైబిలు తెరిచి మళ్ళీ మూశాడు.

కానీ ఆవిడ అసలు పని ఆ అయిదు నిమిషాలు కాదు. శనివారం మధ్యాహ్నాలది.

నొప్పులు పడుతున్న ఆడది దేవుడితో ఏదో ఒకటి అంటుంది. క్షేమంగా బయటపడితే కోడినిస్తాను, బిడ్డ ఏడిస్తే ముక్కుపుడక ఇస్తాను, ఇలా. గదిలో ఉండేది ఇద్దరే, కనే మనిషి, నర్సమ్మ. మంత్రసానులున్నా వాళ్ళు వేడినీళ్ళ కోసం లోపలికీ బయటికీ తిరుగుతుంటారు. బిడ్డ పుట్టాక తల్లి ఆ మాట మరచిపోతుంది, లేదా మరచిపోయినట్టు ఉంటుంది. విన్న మనిషి మరచిపోలేదు. ముప్పై ఏళ్ళ పాటు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అన్న మాటలన్నీ ఆవిడ తలలో ఉండేవి.

శనివారం గొడుగు పట్టుకుని బయల్దేరేది. గుమ్మంలో కూర్చుని మంచినీళ్ళు అడిగేది. పిల్లాడి జ్వరం, అత్తగారి మోకాళ్ళు, గేదె ఈనిందా లేదా, అన్నీ అయ్యాక లేచి చెప్పులు వేసుకుంటూ ఒక్క మాట అనేది. అది మూడో మనిషికి అర్థమయ్యే మాట కాదు. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. నాకు ఏడో ఏడు వచ్చాక ఒక శనివారం ఆవిడ మా గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మా అమ్మతో, "నీ కొడుకు నడక బాగుందే," అంది. అంతే. మర్నాడు గుడికి వెళ్తున్నప్పుడు అమ్మ కాళ్ళకి వెండి పట్టీలు లేవు. నాన్న అడిగితే, "బరువుగా ఉన్నాయి, తీసీసాను," అంది. కానుకల బల్ల మీద రుమాలులో కట్టిన చిన్న మూట ఒకటి ఉంది. అది ఎవరిదో ఎవరూ అడగలేదు. మా గుడి గంట, నీళ్ళ బోరు, పాస్టరుగారి ఇంటి గచ్చు, అన్నీ అలాంటి మూటలే.

ఆవిడ ఎప్పుడూ దాటని హద్దులు కొన్ని ఉండేవి. నేను గమనించినవి నాలుగు. రెండో మనిషి ముందు అడగదు. వస్తువు పేరు ఎత్తదు. పొయ్యి వెలగని ఇంటికి ఆ వారం వెళ్ళదు. నాలుగోది మా పాస్టరుగారికి నచ్చేది కాదు. మొక్కు ఏ దేవుడికైనా ఆవిడ గుర్తు చేసేది. ఒడ్డు నుంచి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ఒకావిడని మా అరుగు దగ్గరే ఆపి, "గంగమ్మకి ఏదో అన్నావే. గుంటడికి మీసాలొస్తన్నాయి," అంది.

"నువ్వు యేసుబాబు మనిసివి కదమ్మా, మా గంగమ్మ సంగతి నీకెందుకు?" అంది ఆవిడ తట్ట దించి.

"విన్న సెవి నాదే కదే. ఆయమ్మ అడిగితే నేనేటి సెప్పాలి, ఇనపళ్ళేదని అబద్దమాడాలా?"

చేపలావిడ నవ్వి, రెండు కానాగంత చేపలు ఆవిడ చేతిలో పెట్టబోయింది. నర్సమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకు కాదు. అక్కడిచ్చీ."

అయిదేళ్ళ కిందట అక్టోబరులో తుఫాను వచ్చింది. వెలిసాక నేనే టేపు పట్టుకుని గుడి కొలిచాను. అప్పటికి డిప్లొమా అయి సంవత్సరం. గోడలు నిలిచాయి. రేకులు ఒక్కటి కూడా మిగల్లేదు. దూలాలు రెండు విరిగాయి. అంచనా ఒక కాగితం మీద పట్టింది. సిమెంటు రేకులు నలభై ఎనిమిది, కొప్పు రేకులు పన్నెండు, దూలాలు రెండు, హుక్కులు, వాషర్లు, కూలి. అందులో కూలి కొట్టేశాను, మేమే ఎక్కించుకోవచ్చని. మిగిలినదాన్ని నలభై మూడు కుటుంబాలకి పంచి చూశాను. మామూలు ఏడాదైతే కష్టం మీద వచ్చేది. ఆ ఏడు చేలు పాలు పోసుకునే టైములో పడిపోయాయి. జీడితోటలు వేళ్ళతో లేచిపోయాయి. నలభై మూడిళ్ళలో కనీసం ఇరవై ఇళ్ళ పైకప్పులే లేవు. దేవుడి ఇంటికి రేకులు అడగాల్సినవాళ్ళు తాటాకుల కింద పడుకున్నారు.

డిసెంబరులో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పాస్టరుగారు గుడిలో నిలబడి చదివారు. మార్చి ఆఖరులోగా కప్పు వేసుకుని, ఆయన జీతంలో సంఘం వాటా కట్టకపోతే మా సంఘాన్ని టౌను సంఘంలో కలిపేస్తారు. టౌను పద్నాలుగు కిలోమీటర్లు. పాస్టరుగారిని వేరే చోటికి పంపుతారు. గుడికి తాళం.

పైన టార్పాలిన్ కట్టి ఉంది. గాలికి అది లేచి పడుతోంది. ఉత్తరం చదివాక నర్సమ్మ ఒక్కతే, "మా నీలమ్మ ముసలిది, నడవలేదు. గుడి వీధిలో ఉంటేనే పట్టుకుని తెస్తన్నాం. పద్నాలుగు కిలోమీటర్లు ఎలగ తెస్తాం?" అంది. తర్వాత తన పింఛను పుస్తకం చూసుకుందని, బ్యాంకు అప్పు అడిగిందని, వయసు చూసి ఇవ్వలేదని మా అమ్మ చెప్పింది. ఆవిడకి ఆ గుడి తప్ప వేరే ఇల్లు లేదు. ఆదివారం మధ్యాహ్నం ఎవరింట్లో భోజనం చేస్తుందో కూడా గుడి మెట్ల మీదే తేలేది.

జనవరిలో ఒక గురువారం మధ్యాహ్నం, ఆవిడ వరండాలో కూర్చుని నేను ఒక మాట అన్నాను. "నర్సమ్మగారూ, తీరని మొక్కులు ఎన్ని ఉన్నాయి?"

"ఎందుకురా?"

"లిస్టు రాద్దాం. మీరు ఎవరినీ మరచిపోకుండా ఉంటుంది. ఎన్ని వస్తే ఎన్ని రేకులో లెక్క తెలుస్తుంది."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నోట్లో ఉన్నంతసేపే అది మొక్కురా. కాగితం ఎక్కితే అప్పు," అంది.

నేను వదల్లేదు. మార్చి అన్నాను, తాళం అన్నాను, నీలమ్మ అన్నాను. శనివారం ఇళ్ళకి వెళ్ళే ముందు మీరు చూసుకోవడానికే తప్ప ఆ కాగితం ఎవరికీ చూపించం అని మాట ఇచ్చాను. ఆవిడ కళ్ళు మూసుకుని, వాచీ అద్దం రాస్తూ, ఒక్కొక్క పేరే చెప్పింది. నేను మూడు గడులు గీశాను. వరుస సంఖ్య, పేరు, వస్తువు. చాలా చక్కగా ఉంది ఆ పట్టిక. తొమ్మిదో పేరు దగ్గర, "సుగుణ. సెవి కమ్మలు," అని ఆగిపోయింది. కళ్ళు తెరిచింది.

"ఒద్దు. అది ఒదిలీ."

అప్పటికే రాసేశాను. కంప్యూటరులో ఎక్కించేటప్పుడు తీసేద్దాం అనుకున్నాను. ఇంటికి వెళ్ళి ఎక్కించేటప్పుడు నా కాగితంలో ఏది ఉంటే అది ఎక్కించాను. పదహారు ఉండాల్సిన చోట పదిహేడు ఉన్నాయి. ప్రింటు తీసి ఆవిడకి ఒకటి ఇచ్చి, ఒకటి నా ఫైలులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత మూడు శనివారాలు ఆవిడ తిరిగింది. తన హద్దు తానే దాటి, పొయ్యి వెలగని ఇళ్ళకి కూడా వెళ్ళింది. "ఈ ఏడు కాదమ్మా, కాళ్ళట్టుకుంతాను," అన్నారు కొందరు. ఒకావిడ కోడిపెట్టని ఇచ్చింది. ఇంకొకావిడ నర్సమ్మ దూరంగా వస్తుండగానే తలుపు వేసుకుంది. అలా ఎవరూ వేయడం అదే మొదటిసారి. ఆ రోజు ఆవిడ మా ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, "నొప్పి రాకుండా తొయ్యమంతన్నానురా. నాకే తెలుస్తన్నాది," అంది. అయినా మరుసటి శనివారం మళ్ళీ వెళ్ళింది.

ఫిబ్రవరిలో కోతపండుగ చేశాం. కోత లేని కోతపండుగ. మామూలుగా బల్ల చుట్టూ ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు ఉంటాయి. ఆరాధన అయ్యాక వేలం వేస్తాం. ఒక్క కొబ్బరికాయని పాడుకున్నవాడు మళ్ళీ బల్ల మీద పెడతాడు, ఇంకొకడు పాడతాడు, అలా ఒక్క కాయ నాలుగైదుసార్లు అమ్ముడుపోతుంది. ఆ ఏడు బల్ల మీద కూలిన చెట్ల కొబ్బరికాయలు పన్నెండు, గుమ్మడికాయలు రెండు, ఆ కోడిపెట్ట. వేలం పావుగంటలో అయిపోయింది. ఏ కాయా రెండోసారి బల్ల మీదకి రాలేదు. నేను లెక్క వేశాను. నాలుగు రేకులు వస్తాయి. నలభై ఎనిమిదికి నాలుగు.

కోశాధికారి ఆ సంగతి చదివి కూర్చున్నాడు. అప్పుడు నర్సమ్మ లేచింది. మూడో ఆదివారం కాదు, ఆవిడని ఎవరూ పిలవలేదు. తన ప్రతి ఇంట్లోనే ఉంది. నా పక్కకి వచ్చి, నా ఒళ్ళోని ఫైలు వైపు చెయ్యి చాపింది.

"ఆ కాగితం ఇలగిచ్చీ."

"అందరి ముందా?" అన్నాను.

"ఇచ్చీమన్నానా."

ఇచ్చాను. ఇవ్వకుండా ఉండొచ్చు. ఇచ్చాను.

ఆవిడ బల్ల వెనక నిలబడి కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. గొంతు ఆవిడది కాదు. మండలాఫీసులో పేర్లు పిలిచినట్టు ఉంది. పేరు, వస్తువు. పేరు, వస్తువు. మొదటి పేరు గల ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది. రెండో పేరు దగ్గర ఒక మగగొంతు, "ఏటిది నర్సమ్మా, పురిటిగది మాటలు పందిట్లో సదువుతారా?" అంది. ఆవిడ ఆగలేదు. నాలుగో పేరు గల మనిషి లేచి, ఏడుస్తూ, ముక్కుపుడక విప్పి బల్ల మీద పెట్టింది. ఆరో పేరు ఆవిడ వేలి ఉంగరం. ఏడో పేరు ఒక కోడలిది, అత్తగారే ఆమె గాజు లాగి తీయించింది. నాకు తెలియకుండానే నేను మనసులో రేకులు లెక్కపెడుతున్నాను. ఆరు, తొమ్మిది, పదమూడు.

"తొమ్మిది. సుగుణ. సెవి కమ్మలు."

సుగుణ జీడిపిక్కలు ఒలుస్తుంది. భర్త కూలి పనికి పోతాడు. నలుగురూ ఆడపిల్లలే. నాలుగోదానికి అప్పుడు పదేళ్ళు. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఉంది.

"ఏ కమ్మలు? ఎప్పుడు మొక్కావు?" అన్నాడు భర్త, మగవాళ్ళ వైపు నుంచి మెడ తిప్పి.

సుగుణ లేచి నిలబడింది. "నర్సమ్మా, సగమే సదివావు. ఏటయితే ఇస్తానన్నానో అది కూడా సదువు."

నర్సమ్మ కాగితం వైపు చూసింది. కాగితంలో ఆ గడి లేదు. నేను గీయలేదు. తర్వాత ఆవిడ ఆ పిల్ల వైపు చూసింది. పిల్ల, "ఏటమ్మా?" అని తల్లి చీర లాగుతోంది. ఆవిడ బొటనవేలు వాచీ మీదకి వెళ్ళింది. అంతా కలిపి పది సెకన్లు ఉంటుంది. అంతకంటే ఎక్కువ ఉండదు.

"తప్పు," అంది నర్సమ్మ. "ఇది సుగుణది కాదు. ఇంకెవులదో."

కోశాధికారి గాభరాగా లేచాడు. "పోనీ, ఆ ఒక్కటీ తీసీండి. మిగతావి సదవండి అమ్మా."

సుగుణ భర్త కూర్చోలేదు. "మరి దీని పేరు ఎలగ వచ్చింది? ఏదో ఉంటేనే కదా వచ్చింది," అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు తీసేసింది. "నాకు మతి తప్పింది నాయినా. ముసలిదాన్ని. ఏ మాట ఎవులదో కలిసిపోతన్నాయి. అన్నీ తప్పే. పెట్టినోళ్ళు ఎవులివి ఆళ్ళు తీసీసుకోండి."

ఒక్కటే తప్పంటే ఆ ఇంట్లో ఆ ఒక్కటి గురించే తవ్వుతారు. పదిహేడూ తప్పంటే ఎవరూ ఏదీ తవ్వరు. ఆవిడ ఆ పది సెకన్లలో ఇంత లెక్క వేసిందని అప్పుడు నాకు అర్థం కాలేదు. ముక్కుపుడక ఆవిడ వచ్చి, పుడక తీసుకుని, వెంటనే పెట్టుకోలేక పిడికిట్లో దాచుకుంది. ఉంగరం వెళ్ళిపోయింది. గాజు వెళ్ళిపోయింది. బల్ల మీద గుమ్మడికాయల మట్టి మిగిలింది.

వెనక నుంచి మా వీధిలో పాలకేంద్రం నడిపే మావ, అందరికీ వినిపించేలా, "నర్సమ్మా, ఇంతకీ మాయింట్లో ఉన్నోడు మావోడేనా? లేపోతే అదీ కలిసిపోయిందా?" అన్నాడు.

గుడి అంతా నవ్వింది. అంతసేపు బిగపట్టుకున్నవాళ్ళు కదా, చాలా గట్టిగా నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి వెళ్ళి తన చోట కూర్చుంది.

సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాను. నేను గీత కొట్టలేదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. "సదివింది నేను కదరా. ఎదర పేరు కనిపిస్తంటే నా కళ్ళేటి సేస్తన్నాయి?" అంది. సుగుణ సంగతి అడిగితే, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. నేనే లేచి వచ్చేశాను.

మర్నాడు సుగుణ దగ్గరికి క్షమాపణకి వెళ్ళాను. జీడి జిడ్డుకి నల్లబడిన వేళ్ళతో పిక్కలు ఒలుస్తూనే చెప్పింది.

"అప్పటికి ముగ్గురు. ఈసారీ ఆడపిల్లయితే ఇంటికి రావొద్దన్నాడు. నొప్పుల్లో అన్నాను, ఆడదైతే ఊపిరి పోసుకోకముందే తీసుకుపో పెబువా, నా సెవి కమ్మలు నీకిచ్చేస్తాను అని. ఆడదే పుట్టింది. ఊపిరి లేదు. నాను కళ్ళు మూసీసుకున్నాను. ఈ నర్సమ్మ ఊరుకోలేదు. నోట్లో నోరెట్టి ఊదింది, ఈపు మీద కొట్టింది, మళ్ళీ ఊదింది. నాను ఆపమన్నాను. ఇనపడనట్టు ఊదింది. అది ఏడిసింది." ఒక పిక్క పగలగొట్టి పప్పు తీసి పళ్ళెంలో వేసింది. "పెబువు తీసుకుపోలేదు. నాను కమ్మలు ఇవ్వక్కర్లేదు. అదీ లెక్క. నీ కాగితంలో లేదు."

మార్చి వచ్చింది. నాలుగు రేకుల డబ్బు పై ఆఫీసుకి పంపాం. రశీదు వచ్చింది, దాంతోపాటు ఉత్తరం కూడా వచ్చింది. పాస్టరుగారి సామాను ఒక ఆటోలో సరిపోయింది. ఆయన వెళ్తూ తాళం వేసి, చెవి కోశాధికారికి ఇచ్చారు. కప్పు లేని గుడికి తాళం ఎందుకని ఎవరో అన్నారు. పిట్టలు పైనుంచి వెళ్తున్నాయి.

తర్వాత ఆదివారాలు ఆటో కుదుర్చుకుని కొందరు టౌనుకి వెళ్ళేవాళ్ళు. నీలమ్మ వెళ్ళలేదు. ఆ వర్షాకాలంలో పోయింది. నర్సమ్మ వెళ్ళేది. అక్కడ ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు. తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చునేది. అక్కడ కానుకల గురించి ఒకాయన మైకులో చక్కగా, వాక్యాలతో, స్క్రీను మీద వేసి మాట్లాడేవాడు. ఆవిడ తల వంచుకుని వినేది. నేను ఒకసారి పక్కన కూర్చున్నాను. "బాగా సెప్తన్నాడు," అంది.

శనివారాలు మాత్రం గొడుగు పట్టుకుని బయల్దేరేది. జనం మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు, బీపీ చూపించుకునేవాళ్ళు. ఆవిడ చెప్పులు వేసుకునే సమయానికి మాత్రం లోపల ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నిజానికి వెళ్ళక్కర్లేదు. ఆవిడ ఏమీ అనేది కాదు. పిల్లలు వెనకాల నుంచి "నర్సమ్మా, నేను ఎవులబ్బాయిని?" అని అరిచేవాళ్ళు. ఆవిడ వెనక్కి తిరిగి బరువు చెప్పేది, కిలోలూ గ్రాములూ. ఒక్కటీ తప్పు చెప్పలేదు. ఎవరూ సరిచూడలేదు.

నిజం చెప్పేద్దామని నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఒకే జవాబు. "ఆ గుంట బడికెల్తన్నాది. ఊరుకో."

సమాధి రోజు పెట్టెను గుడి ఆవరణలోనే పెట్టారు, బయట, షామియానా కింద. కోశాధికారికి తాళంచెవి దొరకలేదు. టౌను పాస్టరుగారు వచ్చారు. మంచి మనిషి, ఆ రోజు ఆయనకి ఇంకో సమాధి ఉంది. వాక్యం చదివాక, "ఈ సహోదరి గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే రెండు నిమిషాలు," అన్నారు.

ఎవరూ లేవలేదు. వందమందికి పైగా ఉన్నారు. అందులో సగం మంది ఆవిడ చేతుల్లోకి పుట్టినవాళ్ళు. ఆవిడతో ప్రతి ఆడదానికీ ఉన్నది ఆ గదిలో మాట. అది మైకులో చెప్పేది కాదు. నేను లేద్దామనుకున్నాను. నాకు తెలిసినదాన్ని చెప్పే హక్కు నాది కాదు. పాస్టరుగారు వాచీ చూసుకున్నారు.

అప్పుడు సుగుణ నాలుగో కూతురు లేచింది. పదిహేనేళ్ళు. పదో తరగతి. సుగుణ కూడా లేచి, పిల్ల మోచెయ్యి పట్టుకుని మైకు దాకా నడిపించింది.

"నేను పుట్టినప్పుడు నాకు ఊపిరి లేదు," అంది పిల్ల. పాఠం అప్పగించినట్టు చెప్పింది. "ఆడపిల్లనని మా అమ్మ ఒద్దనుకుంది. ఒద్దనే మొక్కుకుంది. కమ్మలు ఇస్తానంది. నర్సమ్మగారు ఊరుకోలేదు. ఊపిరి ఊదారు. నిన్న అమ్మ నాకు అంతా సెప్పింది. కోతపండుగ రోజు ఆవిడకి మతి తప్పలేదంట. నేనక్కడ ఉన్నానని అలగ సెప్పారంట."

మైకు పాస్టరుగారికి ఇచ్చి వచ్చి పెట్టె పక్కన నేల మీద కూర్చుంది. సుగుణ భర్త రెండు చేతులతో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆడవాళ్ళలో ఒకరు ఏడవడం మొదలుపెట్టారు. అది చనిపోయిన మనిషి కోసం ఏడ్చే ఏడుపులా లేదు. ముక్కుపుడక ఆవిడని వెతికాను. తల వంచుకుని ఉంది, మొహం కనపడలేదు.

పెట్టె లేపేముందు పాలకేంద్రం మావ నా పక్కకి వచ్చాడు. చాలా మెల్లగా అడిగాడు.

"ఒరే, అయితే ఆ కాగితం నిజమేనా?"

"నిజమే మావా."

"మొత్తం?"

"సుగుణది తప్ప మొత్తం."

అతను గుడి గోడల వైపు చూశాడు. గోడ లోపల మొలిచిన జిల్లేడు పైకి కనిపిస్తోంది. "మీ అత్తది ఏటుంది అందులో?" అన్నాడు. అత్త పోయి రెండేళ్ళయింది.

"తొలిచూలు దూడ," అన్నాను.

అవతల పాట అందుకున్నారు. పెట్టె లేచింది. అతను దాని వైపు రెండడుగులు వేసి, మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు ఎక్కడిచ్చీదిరా?"